రెండు గేట్ల నడుమ రోడ్డు

కొత్తగూడెం నుంచి టేకులపల్లి మీదుగా వచ్చే హైవే మా పల్లె ఇప్పగుంపు దగ్గర రైలు గేటు దాకా నున్నగా వస్తుంది. గేటు అవతల మళ్లీ నున్నగా మొదలవుతుంది. నడుమ, పట్టాల మీద ఉన్న ఆ కాస్త జాగానే ఎవరిదీ కాకుండా పోయింది.

పట్టాల మధ్య పరిచిన సిమెంటు పలకలు బొగ్గు లారీల బరువుకు పగిలాయి. కొన్ని లేచి నిలబడ్డాయి, కొన్ని కుంగిపోయాయి, లోపలి ఇనుప ఊచలు బయటికి వచ్చాయి. రైలు వాళ్లను అడిగితే పని మేమే చేస్తాం, దానికయ్యే పైసలు మాత్రం రోడ్డు వాళ్లు కట్టాలి అన్నారు. రోడ్డు వాళ్లను అడిగితే ఈ రోడ్డు మా చేతిలోంచి హైవే వాళ్లకు పోయింది, వాళ్లను అడగండి అన్నారు. హైవే వాళ్లు టేపులు పట్టుకొని వచ్చి కొలిచి పోయారు. కొలిచి పంపిన అంచనా, ధరలు పాతవని తిరిగి వచ్చింది. మళ్లీ కొలిచారు. ఈలోపు ఒక వానాకాలం పోయి ఇంకో వానాకాలం వచ్చింది.

ఇవన్నీ నాకు ఎలా తెలుసంటే, ఆ గేటు వేసేదీ ఎత్తేదీ నా బిడ్డ సునంద. వాళ్ల నాయన రైల్వే గ్యాంగులో పనిచేస్తూ లైను మీదే గుండె ఆగి చనిపోయాడు. ఆయన బదులు నౌకరి సునందకు ఇచ్చారు. ఆడపిల్లయినా కాగితాల్లో గేట్‌మన్ అనే రాస్తారు. తను గేటు పక్క క్వార్టర్‌లో ఉంటుంది, నేను అప్పట్లో గుంపులో, అంటే మా పల్లెలో, మా ఇంట్లో ఉండేదాన్ని. పొద్దున డ్యూటీ గంగయ్యది, మధ్యాహ్నం నుంచి సునందది. అన్నం గిన్నె పట్టుకొని పోయి నేను కూడా ఆ గేటు గదిలో కూర్చునేదాన్ని. గోడ మీద పెద్ద అక్షరాలతో రాసిన రూల్సు కూడబలుక్కొని చదివేదాన్ని. నాకు చదువు వచ్చింది ఆ గోడ మీదనే.

పోయిన ఎండాకాలం, తునికాకు కోతలప్పుడు, మా బావ బొజ్జయ్య కోడలు నాగలక్ష్మి ఆ గుంతల్లో బండి మీది నుంచి పడింది. బండి నడిపింది ఆమె మొగుడు చందరే. ముందు చక్రం పలకల మధ్య ఇరికింది, వెనక కూర్చున్న పిల్ల ఎగిరి పట్టా మీద పడింది. దవడ విరిగింది. ఖమ్మం దవాఖానాలో తీగలు వేసి కట్టారు.

బొజ్జయ్య నా పెనిమిటికి అన్న. మా గుంపుకు పెద్ద. ఆ రాత్రి కాదు, మరునాడు పొద్దున అందరినీ తన వాకిట్లోకి పిలిపించాడు.

"ఇగ ఎవ్వని కోసం చూసుడు లేదు," అన్నాడు. "మన బాటకు సీసీ ఏసినప్పటి సిమెంటు మిగిలున్నది. ఇసుక వాగుల ఉన్నది. గేటు గుంతలు మనమే పూడ్సుకుందాం. ఇంటికొకరు రావాలె."

"రైలోళ్లు ఊకుంటరా బొజ్జన్నా?" అని ఎవరో అన్నారు.

"ఊకోకుంటే వాళ్లనే వచ్చి పూడ్వమను," అంది జంపక్క. జంపక్కది మా పక్కిల్లు. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. "మనం పట్టాలేమన్న పీక్కపోతున్నమా? గుంతలే కదా."

ఇంటికొకరు అంటే మా దగ్గర అది మామూలు మాట కాదు. వాగు కట్టయినా, బాట అయినా, ఎవరింట్లో చావయినా, ఇంటికొక మనిషి వస్తారు. రాని ఇల్లు గుంపులో లేనట్టే. ముత్యాలమ్మ ముందు నిలబడి, తప్పేమిటో తన నోటితో చెప్పుకొని, దండుగ కట్టే దాకా ఆ ఇంటితో ఎవరూ మాట్లాడరు. విత్తనాల పండుగ నాడు ఇండ్లన్నిటి గింజలు ఒక్కచోట కలిపి, పూజారి ఇంటికో పిడికెడు పంచుతాడు. ఆ పిడికెడు ముందు చల్లకుండా మాలో ఎవరూ చేను విత్తరు. లెక్కలో లేని ఇంటికి ఆ పిడికెడు రాదు.

మా ఇంట్లో ఉన్నది ఇద్దరం. నౌకరి వల్ల సునంద రావడానికి లేదు. ఇక నేనే.

సునందకు చెబితే మండిపడింది.

"నువ్వెందుకు పోవుడు? అది నా గేటు."

"నీది గేటయితే నాది గుంపు కాదానే?"

"నా డ్యూటీల ఒక్కర్ని లోపటికి రానియ్య, చెప్తున్న."

"అందుకే పొద్దుగాల్నే పోతున్నరు. గంగయ్యన్న ఉన్నప్పుడు."

"పట్టా ముట్టొద్దని చెప్పు పెదనాయనకు," అంది సునంద చివరికి.

"ఎవ్వరు ముట్టరు," అన్నాను నేను. నిజంగానే ఎవరూ ముట్టలేదు.

పొద్దున బొగ్గు రైలు ఒకటి పోగానే పని మొదలైంది. సగం రోడ్డుకు ముండ్లకంప అడ్డం పెట్టి, మిగిలిన సగం మీద బండ్లను పంపాము. గంగయ్య గది ముందు కుర్చీ వేసుకొని చూస్తున్నాడు. రిటైరయ్యే మనిషి. ఆ గుంతల మీద వచ్చిన తిట్లన్నీ తిన్నవాడు.

"గంగయ్యా, మమ్మల్ని ఫోటో తీసి పంపవు కదా?" అని జంపక్క అడిగింది.

"నా ఫోనుల మాటే సక్కగ రాదు. ఇగ నీ మొకం ఏడొస్తది?" అన్నాడు గంగయ్య. అందరూ నవ్వారు.

కానీ బొజ్జయ్యను పక్కకు పిలిచి ఒక సంగతి మాత్రం గట్టిగా చెప్పాడు. రైలు చక్రానికి లోపలి వైపు ఒక అంచు ఉంటుంది. ఆ అంచు దిగి నడవడానికి పట్టా పక్కన నాలుగు వేళ్ల సందు వదలాలి. అది పూడితే చక్రం పట్టా మీద నిలవదు. బొజ్జయ్య ఆ మాట మగవాళ్లకు చెప్పాడు. వాళ్లు గుంతలు నింపారు, సందు వదిలారు. వదిలేసి, తాటాకు పాక కిందికి అంబలి తాగడానికి పోయారు.

మా ఇండ్ల దగ్గర గోడ లేపేది మగవాళ్లు. ఆ తర్వాత చెయ్యి ఆడవాళ్లది. మెత్తడం, అలకడం, నున్న చేయడం మా పని. నేలలో నెర్రె వదిలితే తేళ్లు దూరతాయి, పాములు దూరతాయి. అత్త అయినా అమ్మ అయినా మొదట నేర్పేది అదే, నెర్రె వదలకు అని. మగవాళ్లకు చెప్పిన మాట మాకు ఎవరూ చెప్పలేదు. చెప్పాలని ఎవరికీ తట్టలేదు.

"మొగోళ్ల పని గిట్లనే ఉంటది," అంది జంపక్క సందు చూసి. "నడుమ పోసిన్రు, పక్కలు ఇడిసిపెట్టిన్రు."

"మా ఆయన గంతే. ఇల్లు కట్టిండు, తలుపు మర్సిండు," అంది ఇంకొకామె.

మిగిలిన సిమెంటు మాలు అంతా తెచ్చి ఆ సందులో కూరాము. రాయితో దట్టించాము. చేతులతో అర్ధచంద్రాల్లా తిప్పి నున్న చేశాము, పండుగకు వాకిలి అలికినట్టు. గంగయ్య అప్పుడు లోపల ఫోను దగ్గర ఉన్నాడు. బయటికి వచ్చే సరికి మేము తడి గోనెసంచులు కప్పేశాము. డ్యూటీ మారే వేళ అయింది. సునంద వచ్చి పుస్తకంలో సంతకం పెట్టింది, గంగయ్య బండెక్కి పోయాడు.

ఆ తర్వాతే సునంద జెండాలు పట్టుకొని లైను మీదికి వచ్చి గోనె ఎత్తి చూసింది. ఆ ఎండకు సిమెంటు అప్పటికే బిగిసింది.

"ఈడ సందు ఉండాలె. ఏది?"

"పూడ్సినం," అంది జంపక్క గర్వంగా. "సూడు ఎంత సక్కగొచ్చిందో. మీ అమ్మ చెయ్యే ఎక్కువ."

సునంద నా వైపు చూసింది. అరుస్తుందనుకున్నాను. వంగి, తాళం చెవితో అక్కడ గీకింది. గీత కూడా పడలేదు. అప్పుడే గదిలో ఫోను మోగింది.

బొగ్గు రైలును వాళ్లు రేకు అంటారు. రైలు వదిలే ముందు స్టేషన్ నుంచి ఫోను వస్తుంది. గేటు వేసి, తన దగ్గరున్న అంకెల్లోంచి ఒకటి చెప్పాలి. ఆ అంకె చెబితేనే అక్కడ సిగ్నలు ఇస్తారు. నేను ఎన్నోసార్లు విన్నాను. సునంద అంకె చెప్పి ఫోను పెట్టేసి గిన్నె మూత తీసేది. అంత మామూలు పని.

ఆ రోజు నేను ఆమె వెనకే గదిలోకి పరుగెత్తాను. ఫోనులో గొంతు నాకూ వినబడుతోంది.

"సునందా, లోడు రేకు ఉంది. గేటు వేసి నంబర్ చెప్పమ్మా."

సునంద కిటికీలోంచి లైను వైపు చూసింది.

"హలో? గేటు పడిందా?"

"నంబర్ ఇవ్వలేను సార్. లైను బ్లాక్ ఉంది. రేకు ఆపండి."

"ఏం బ్లాక్? లారీ ఇరికిందా?"

"పట్టా పక్క సందులో సిమెంటు ఉంది సార్."

"సిమెంటా? ఎట్లా వచ్చింది?"

సునంద నా చేతుల వైపు చూసింది. మోచేతుల దాకా బూడిద రంగు ఆరి పగుళ్లు పట్టి ఉన్నాయి. చేతులు కొంగు లోపలికి లాక్కున్నాను.

"ముందు రేకు ఆపండి సార్," అని ఫోను పెట్టేసింది.

రెండు గేట్లూ వేసి ఎర్ర జెండాలు పాతింది. మగవాళ్లు గడ్డపారలు పట్టుకొని ఉరికి వచ్చారు. పట్టాలు చూసుకునే కీమన్ కిషన్‌లాల్ లైను వెంట సుత్తి, ఉలి మోసుకుంటూ నడిచి వచ్చాడు. ఎక్కడో ఉత్తరాది మనిషి, ఇక్కడికి వచ్చి చాలా ఏండ్లయింది. సిమెంటు చూసి తల మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"అరే అమ్మా! ఇది ఇల్లు అనుకున్నవా? ఫర్ష్, నేల లెక్క పాలిష్ కొట్టినవ్! పట్టాకు దెబ్బ తగలొద్దు, మెల్లగ, మెల్లగ."

గేటుకు రెండు వైపులా లారీలు, బస్సులు, ఆటోలు కనుచూపు మేర నిలిచిపోయాయి. హారన్లు మొదలయ్యాయి. "ఏందమ్మా, గేటేసి లోపట పెండ్లి చేస్తున్నరా?" అని ఒక లారీ డ్రైవరు అరిచాడు. పర్ణశాల పోయే బస్సులోంచి ఒక ముసలాయన, "రాములవారు ఏండ్లకేండ్లు ఉన్న అడివే కదా నాయనా, మనం ఇంకో గంట ఉందాం," అన్నాడు. ఆ బస్సులో నవ్వారు. లోపల ఉన్న మాకు నవ్వు రాలేదు. మేము అటూ పోలేము, ఇటూ పోలేము. మేము నున్న చేసినదాన్ని మా వాళ్లే ముక్కముక్కగా కొడుతున్నారు. ఒక్కొక్క ముక్క లేస్తుంటే సునంద వచ్చి చూసి మళ్లీ గదిలోకి పోతోంది. ఫోను మోగుతూనే ఉంది.

ఎండ చల్లబడే వేళకు సందు తేలింది. కిషన్‌లాల్ ఆ సందులో ఆ చివర నుంచి ఈ చివర దాకా చెయ్యి పెట్టి చూసి తలూపాడు. సునంద అంకె చెప్పింది. బొగ్గు రైలు మనిషి నడిచినంత మెల్లగా వచ్చింది. ఒక్కో చక్రం ఆ సందులో దిగి గరగర రాసుకుంటూ పోతుంటే గుంపంతా చక్రాలనే చూస్తూ నిలబడ్డాము. చివరి డబ్బా దాటాక జంపక్క కూలబడి ఏడ్చింది.

అంతటితో అయిపోతుందనుకున్నాను. రైలు వెనకే జీపు వచ్చింది. ఒక ఆఫీసరు, ఒక రైల్వే పోలీసాయన. ఆఫీసరు వంగి, ఇంకా మిగిలిన సిమెంటు మీద అర్ధచంద్రాల గీతలు చూశాడు.

"ఇది మేస్త్రీ పని కాదు. ఆడవాళ్ల చేతులు," అన్నాడు. గది గుమ్మం దగ్గరికి వచ్చి సునందను అడిగాడు. "నీది ఏ ఊరు?"

"ఈ గుంపే సార్."

"పని జరిగేది నీకు ముందే తెలుసా?"

సునంద బల్ల మీది పుస్తకం సర్దింది.

"మీ ఇంటి నుంచి ఎవరొచ్చారు పనికి?"

నేను గదిలో సునంద వెనక మూల కూర్చొని ఉన్నాను. చేతులు కొంగులో ఉన్నాయి. మా అమ్మ వచ్చిందని సునంద చెబితే, గేట్‌మన్ ఇంట్లో వాళ్లే లైను పూడ్చారని రాస్తారు. నౌకరి ఆ పూటే పోతుంది, కేసు ముందు దాని మీదే పడుతుంది. ఎవరూ రాలేదని చెబితే, గుమ్మం బయట గుంపంతా నిలబడి వింటోంది. వాళ్లు కేసులో ఉంటే, తన అమ్మను మాత్రం తప్పించిందని అంటారు. నా బిడ్డ రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుంది.

బొజ్జయ్య ముందుకు వచ్చాడు.

"ఆ పిల్లనేం అడుగుతవ్ సార్? చేసింది మేము. ఇంటికొకరం వచ్చి చేసినం. రాస్తే గుంపంతా రాసుకో."

"ఇంటికొకరా?" అన్నాడు ఆఫీసరు. "అంటే ఈ అమ్మాయి ఇంటి నుంచి కూడా ఒకరు వచ్చి ఉండాలి కదా."

బావ నా వైపు చూశాడు. ఎక్కువసేపు చూడలేదు. తర్వాత ఆఫీసరు వైపు కాకుండా గుంపు వైపు తిరిగి, పంచాయితీలో చెప్పే గొంతుతో చెప్పాడు.

"ఆ ఇల్లు రాలే. ఆ పిల్ల తల్లి రుక్మిణిని పిలిస్తే రానన్నది. ఆ ఇల్లు మా లెక్కల లేదు."

పెద్దమనిషి గుంపు ముందు ఒక ఇంటి మీద అన్న మాట గాలికి పోయే మాట కాదు. అది బావకు తెలుసు, నాకు తెలుసు, అక్కడున్న పిల్లలకు కూడా తెలుసు. జంపక్క నోరు తెరిచింది. తల దించుకుంది. ఆ వెంటనే ఒక్కొక్కరే నా మీది నుంచి చూపు తీసేశారు.

నేను వచ్చిన, అందరికన్న ఎక్కువ నేనే పన్జేసిన అని అరుద్దామని లేచాను. సునంద వెనక్కి తిరగకుండానే చెయ్యి చాపి నా భుజం పట్టుకొని కిందికి నొక్కింది. నేను కూర్చున్నాను. పోలీసాయన రాసుకున్నాడు.

ఆ సాయంత్రం నుంచి నేను సునంద క్వార్టర్‌లోనే ఉన్నాను. రెండు రోజుల తర్వాత బావ వచ్చాడు. లోపలికి రాలేదు. గేటు దిమ్మె అవతలే నిలబడి, ఎవరితోనో అన్నట్టు దూరం చూస్తూ మాట్లాడాడు.

"దండుగ కట్టుకొని వస్త బావా," అన్నాను.

"ముత్యాలమ్మ ముంగట నిలబడి ఏమంటవ్? రాలేదంటవా? ఆ తల్లి చూడలేదా నువ్వు వచ్చింది? అబద్ధపు దండుగ గుంపుల ఎవ్వడు ముట్టుకుంటడు?"

"వచ్చిన్ననే చెప్త."

"చెప్పు. గప్పుడు నా మాట అబద్ధమైతది. తెల్లారేసరికి పోలీసు చెవ్వులకు పోతది. పిల్ల నౌకరి ఉంటదా?"

"మరి ఎన్నొద్దులు గిట్ల?"

"కేసు తేలని." అంతలోనే గొంతు తగ్గించాడు. "నాకు మాత్రం మంచిగనిపిస్తుందా రుక్మిణమ్మా? మా తమ్మునికి ఏం జవాబు చెప్పాలె నేను? కని గా నిమిషం వేరే తోవ కనబడలే."

కనబడకపోవడం నిజమే. ఇప్పటికీ నాకూ కనబడలేదు.

ఇన్నేండ్లూ రాని పైసలు రేకు ఆగిన నెల లోపలే వచ్చాయి. ముందు రైలు వాళ్లే పెట్టుకొని, తర్వాత హైవే వాళ్ల దగ్గర వసూలు చేసుకుంటారట. ఒక రోజు గేటు బంద్ పెట్టి, పాత పలకలు పీకి, నల్లటి రబ్బరు పలకలు బిగించారు. పట్టా పక్కన సందు గీత గీసినట్టు ఉంది. కేసు మాత్రం రైల్వే పోలీసుల దగ్గరి నుంచి మామూలు పోలీసులకు, అక్కడి నుంచి మళ్లీ వీళ్లకు తిరుగుతోంది. ఎవరి హద్దులోకి వస్తుందో తేలలేదని సునంద అంటుంది. గంగయ్యకు రిటైర్‌మెంటు ఆగింది. సునందకు రాతపూర్వకంగా మెచ్చుకోలు వచ్చింది, రేకు ఆపినందుకు. తను ఆ కాగితం నాకు చూపించలేదు. బల్ల తుడుస్తుంటే కనబడితే నేనే చదివాను.

వానలు పడ్డాయి. విత్తనాల పండుగ డప్పులు గేటు దాకా వినబడ్డాయి. గేటు మెట్ల మీది నుంచి చూస్తే మా చేను కనబడుతుంది. చుట్టూ పచ్చగా ఉంది, అది ఒక్కటి ఎర్రగా ఉంది.

గుంతలున్నప్పుడు ప్రతి బండీ ఇక్కడ మెల్లగా పోవాల్సి వచ్చేది. మెల్లగా పోతూ ఏదో ఒకటి అనేవాళ్లు, తిన్నవా అనో, కూరేంది అనో. ఇప్పుడు రోడ్డు నున్నగా ఉంది. మా వాళ్ల బండ్లు సర్రుమని పోతాయి. నేను మెట్ల మీద కూర్చుంటే, ముందుకే చూస్తూ పోతారు. గేటు పడినప్పుడే ఆగుతారు.

మొన్న సునంద గేటు వేసే సరికి చందర్ బండి ముందు వచ్చి ఆగింది. వెనక నాగలక్ష్మి ఉంది. దవడకు తీగలు తీసేశారు, ఒక పక్క ఇంకా కొంచెం వాపు. చందర్ రైలు వచ్చే దిక్కు చూస్తూ కూర్చున్నాడు. నాగలక్ష్మి అటూ ఇటూ చూసింది. వెనక ఉన్నవి లారీలే, గుంపు మనుషులు ఎవరూ లేరు.

"చిన్నత్తా," అంది మెల్లగా. ఇన్ని నెలల్లో గుంపు నుంచి నన్ను పిలిచిన మొదటి మనిషి. "ఇంకెంతసేపు?"

"లోడు రేకు. కొంచెం సేపు పడతది."

"పడనియ్ తియ్," అంది.

చందర్ ఇంజన్ బంద్ చేశాడు.

"దవడ ఎట్లున్నదే?"

"అన్నం తింటున్న. మటన్ మాత్రం మీ చందరే తింటడు, నా వాటా గూడ." చందర్ భుజాలు కదిలాయి, నవ్వాడో ఏమో. "మామ రోజు పొద్దుగాల లేచి నీ చేను కాడికే పోయి నిలబడతడు."

"నిలబడి ఏం చేస్తడట?"

"ఏం చేస్తడు? గడ్డి పీకి గట్టు మీద పెడతడు. ఇత్తనాలే లేని చేన్ల గడ్డి పీకుడేంది అంటే, నన్ను తిడతడు."

నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే కండ్లు తుడుచుకున్నాను. ఇంకా ఏదో అడగాలనుకున్నాను, జంపక్క మోకాలి నొప్పి గురించి, ఆవు ఈనిందా అని. రైలు వచ్చింది. మాటలు ఆ చప్పుడులో కలిసిపోయాయి. నాగలక్ష్మి పెదవులు కదులుతున్నాయి, నేను తలూపుతున్నాను. ఏం చెప్పిందో వినబడలేదు. డబ్బాల వెనక డబ్బాలు పోతూనే ఉన్నాయి. ఇంకా ఉంటే బాగుండుననుకున్నాను.

చివరి డబ్బా దాటింది. వెనక లారీలు హారన్లు కొట్టాయి.

"సునందా," అన్నాను, "జర ఆగి ఎత్తరాదే."

సునంద హ్యాండిల్ మీద చెయ్యి వేసి నిలబడింది. నా వైపు చూసింది, బండి వైపు చూసింది.

"ఆగుడు కుదరదమ్మా," అంది.

గేటు లేచింది. నాగలక్ష్మి మొహం ముందుకు తిప్పుకుంది. బండి కొత్త రోడ్డు మీద ఎక్కడా తగలకుండా దాటిపోయింది.